క్రిప్టోకరెన్సీ నెట్‌వర్కుల ప్రత్యక్ష దృశ్యీకరణ

బిట్‌కాయిన్, ఈథీరియం వంటి బహిరంగ నెట్‌వర్కుల్లో లావాదేవీలు పుట్టడం, ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పాకడం, చివరికి బ్లాకుల్లో చేరడం జరుగుతూ ఉండగానే వాటిని తెర మీద బొమ్మలుగా, రంగులుగా, ఒక్కోసారి శబ్దాలుగా చూపించే పద్ధతికి ప్రత్యక్ష దృశ్యీకరణ అని పేరు. ధరల గ్రాఫులు దీని కిందికి రావు. ఎక్స్ఛేంజీలో ఒకరు అమ్మి మరొకరు కొనడం ఆ ఎక్స్ఛేంజీ సొంత ఖాతా పుస్తకంలో జరిగే వ్యవహారం. అందులో చాలా భాగం బ్లాక్‌చెయిన్ దాకా రాదు. 2013లో వచ్చిన ఫియట్‌లీక్ అనే సైటు ప్రపంచ పటం మీద డాలర్లు, యువాన్లు, యూరోలు బిట్‌కాయిన్‌లోకి ఒలికిపోతున్నట్టు చూపించేది. చూపు తిప్పుకోనివ్వని బొమ్మే, కానీ అందులో కనిపించినవి ఎక్స్ఛేంజీల క్రయవిక్రయాలే. నెట్‌వర్కు అక్కడ లేదు.

మామూలు చెల్లింపు వ్యవస్థల్లో ఇలాంటి చిత్రణకు తావు లేదు. యూపీఐలో ఎన్ని చెల్లింపులు జరిగాయో దాన్ని నడిపే ఎన్‌పీసీఐ మొత్తం లెక్కలు ప్రకటిస్తుంది. ఒక్కో చెల్లింపు కదలడం బయటివాళ్లకు కనిపించదు, కనిపించకూడదు కూడా. బిట్‌కాయిన్ దీనికి పూర్తిగా భిన్నం. 2009 జనవరి 3న మొదటి బ్లాకు పుట్టాక కొద్ది రోజుల నుంచే ఇంటర్నెట్టు ఉన్న ఎవరైనా తమ కంప్యూటర్‌ను ఆ నెట్‌వర్కులో ఒక నోడ్‌గా కలిపి ప్రతి లావాదేవీనీ చూడవచ్చు. పేర్లుండవు, చిరునామాలు మాత్రమే ఉంటాయి. ఈ బహిరంగతే దృశ్యీకరణకు ముడిసరుకు.

సమాచారం వచ్చే దారి

ఒక వాలెట్ నుంచి లావాదేవీ బయల్దేరగానే అది దగ్గరి నోడ్లకు చేరుతుంది. ప్రతి నోడూ సంతకం సరైనదేనా, ఆ నాణేలు ఇంతకుముందే ఖర్చయిపోయాయా అని పరీక్షిస్తుంది. నెగ్గితే తన దగ్గర నిరీక్షణ జాబితాలో వేసుకుని పక్క నోడ్లకు చెబుతుంది. ఈ జాబితానే మెంపూల్ అంటారు. మైనర్లు అందులోంచి ఏరుకున్న లావాదేవీలను బ్లాకుగా కడతారు. బ్లాకుకూ బ్లాకుకూ మధ్య సగటున 10 నిమిషాలు ఉండేలా నెట్‌వర్కు ప్రతి 2,016 బ్లాకులకు ఒకసారి బ్లాకు కట్టడంలోని కఠినతను సవరించుకుంటుంది. కాబట్టి చిత్రకారుడి చేతికి రెండు ధారలు అందుతాయి: ఎదురుచూస్తున్న లావాదేవీలు, ఖరారైన బ్లాకులు. మంచి బొమ్మలన్నీ ఈ రెండింటి మధ్య సంబంధాన్ని చూపించేవే.

సాంకేతికంగా ఇందులో పెద్ద మర్మమేమీ లేదు. బిట్‌కాయిన్ కోర్ అనే సాఫ్ట్‌వేర్ కొత్త లావాదేవీ గానీ బ్లాకు గానీ వచ్చిన క్షణంలోనే కబురు పంపే సదుపాయం ఇస్తుంది. సర్వర్ దాన్ని అందుకుని వెబ్‌సాకెట్ ద్వారా చూసేవాళ్ల బ్రౌజర్లకు తోసేస్తుంది. బ్రౌజర్లో డి3, త్రీజేఎస్ వంటి లైబ్రరీలు దాన్ని గీస్తాయి. 2010, 2011 సంవత్సరాల్లో ఈ లైబ్రరీలు రావడం, 2011లోనే మొదలైన బ్లాక్‌చెయిన్‌.ఇన్ఫో తన ప్రత్యక్ష ధారను అందరికీ ఉచితంగా తెరిచిపెట్టడం ఈ రంగానికి ఊపిరి పోశాయి. సొంత నోడ్ నడపలేని విద్యార్థులు, వారాంతాల్లో సరదాగా కోడ్ రాసుకునేవాళ్లు ఆ ధార మీదే తొలి ప్రయోగాలు చేశారు.

పాఠకుడు ముందుగా గట్టిగా పట్టుకోవలసిన విషయం ఒకటుంది: లోకమంతటికీ కలిపి ఒక మెంపూల్ అంటూ లేదు. ఏ నోడ్ మెంపూల్ దానిదే. బిట్‌కాయిన్ కోర్‌లో మామూలుగా దాని పరిమితి 300 మెగాబైట్లు. నిండితే తక్కువ రుసుము ఇచ్చినవాటిని బయటికి నెట్టేస్తుంది. 14 రోజులు దాటినా బ్లాకులో చేరనివాటిని కూడా తీసేస్తుంది. ఎక్కువ మెమరీ కేటాయించిన సైటు 2 లక్షల లావాదేవీలు వేచి ఉన్నాయని చెబుతుండగానే మరో సైటు లక్షే అనవచ్చు. రెండూ నిజమే. ఏ చిత్రమైనా ఒక నోడ్, లేదా కొన్ని నోడ్లు, చూసిన దృశ్యం మాత్రమే.

‘ప్రత్యక్షం’ అన్న మాటకూ ఇదే పరిమితి. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టియన్ డెకర్, రోజర్ వాటెన్‌హోఫర్ 2013లో కొలిచినప్పుడు ఒక బ్లాకు కబురు సగం నోడ్లకు చేరడానికి 6.5 సెకన్లు పట్టింది. 40 సెకన్ల తర్వాత కూడా 5 శాతం నోడ్లకు అందలేదు. 2016లో కాంపాక్ట్ బ్లాకులు వచ్చాక ఈ ఆలస్యం బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడు ఇద్దరు మైనర్లు దాదాపు ఒకేసారి బ్లాకు కడతారు. కాసేపటికి ఒకటి నిలుస్తుంది, రెండోది రద్దవుతుంది. తెర మీద కనిపించిన బ్లాకు అలా మాయమైతే సైటు దాన్ని నిశ్శబ్దంగా చెరిపేస్తుందా, ఏం జరిగిందో చెబుతుందా అన్నది ఆ సైటు నిజాయతీకి మంచి పరీక్ష.

బుడగ ఎంత పెద్దదైతే అంత డబ్బా?

తొలి తరం చిత్రాలన్నీ లావాదేవీ విలువను బట్టి బుడగనో బంతినో గీశాయి. సహజమైన ఆలోచనే, కానీ బిట్‌కాయిన్‌లో అది తప్పుదారి పట్టిస్తుంది. బిట్‌కాయిన్ లావాదేవీలో ఖాతా నిల్వ అంటూ ఉండదు. ఇంతకుముందు అందిన మొత్తాలను పూర్తిగా ఖర్చుచేసి, మిగిలిన చిల్లరను తన చిరునామాకే తిరిగి రాసుకోవాలి. ఒకరి దగ్గర 10 బిట్‌కాయిన్ల మొత్తం ఒకేచోట ఉందనుకుందాం. అందులోంచి 0.1 ఎవరికో పంపితే, దాదాపు 9.9 తనకే తిరిగొస్తుంది. తెర మీద మాత్రం 10 బిట్‌కాయిన్ల బంతి దూకుతుంది. చిల్లర ఏదో, చెల్లింపు ఏదో లావాదేవీ మీద రాసి ఉండదు, ఊహించాలి.

ఎక్స్ఛేంజీలు తమ ఒక వాలెట్ నుంచి మరో వాలెట్‌కు సర్దుకునే మొత్తాలు వేల బిట్‌కాయిన్లలో ఉంటాయి. అవి చేతులు మారిన డబ్బు కాదు, బీరువా మారిన డబ్బు. 2018 నుంచి భారీ బదిలీలను వెంటనే ప్రకటిస్తూ వస్తున్న వేల్ అలర్ట్ వంటి సేవల సందేశాలను చూసి కంగారుపడి అమ్మేసేవాళ్లు ఈ తేడాను గమనించడం లేదు. ఇంకో చిక్కు, రుసుము పెంచి పంపే బదులు లావాదేవీ. ఆలస్యమవుతున్న లావాదేవీని పంపినవాళ్లే ఎక్కువ రుసుముతో మార్చి మళ్లీ పంపవచ్చు. పాతదాన్ని తీసేయకుండా గీసే సైటులో ఒకే చెల్లింపు రెండు బుడగలవుతుంది.

రుసుముల కొండలు

డబ్బు మొత్తాన్ని వదిలి ఎదురుచూపును గీయడం మొదలుపెట్టాకే ఈ కళ పరిణతి పొందింది. కారణం బిట్‌కాయిన్ నిర్మాణంలోనే ఉంది. బ్లాకులో చోటు పరిమితం. 2017 ఆగస్టులో అమల్లోకి వచ్చిన సెగ్విట్ మార్పు తర్వాత అది 40 లక్షల బరువు యూనిట్లు, అంటే 10 లక్షల వర్చువల్ బైట్లు. మైనరు ఒక్కో వర్చువల్ బైటుకు ఎన్ని సతోషీలు వస్తాయో చూసి ఎక్కువ ఇచ్చినవాటిని ముందు ఎక్కించుకుంటాడు. ఒక బిట్‌కాయిన్‌కు 10 కోట్ల సతోషీలు. పంపే మొత్తంతో దీనికి పనిలేదు. లావాదేవీ పరిమాణం ఒకటే అయితే వెయ్యి రూపాయలకైనా కోటి రూపాయలకైనా రుసుము ఒకటే. కాబట్టి వాడుకరికి అక్కరకొచ్చే ప్రశ్న ‘నా వంతు ఎప్పుడు?’ అనేదే.

దీనికి అత్యంత సూటిగా జవాబిచ్చే చిత్రం యోఖెన్ హోనికె నడిపే మెంపూల్ గణాంకాల పట్టీ. అడ్డంగా కాలం, నిలువుగా వేచి ఉన్న లావాదేవీలు. రుసుము అంచెను బట్టి రంగు పొరలు. తక్కువ రుసుమువి అడుగున, ఎక్కువవి పైన. బ్లాకు వచ్చినప్పుడల్లా పై పొరలు తెగుతాయి, కింది పొరలు కదలకుండా పడి ఉంటాయి. కాసేపు చూస్తే వారం లయ అర్థమవుతుంది: పనిరోజుల్లో కొండ పెరుగుతుంది, శని ఆదివారాల్లో కరుగుతుంది. 2017 డిసెంబరులో ఆ కొండ కరగడమే మానేసింది. సగటు రుసుము 50 డాలర్లు దాటిన రోజులవి. ఆ నెల సంగతి వార్తాకథనాల కన్నా ఈ ఒక్క పట్టీలో బాగా తెలుస్తుంది.

మెంపూల్ స్పేస్ అనే సైటు ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకెళ్లింది. తెర మధ్యలో నిలువు చుక్కల గీత. దానికి ఒకవైపు ఖరారైన బ్లాకులు ఘనాలుగా, మరోవైపు ఇప్పుడున్న రుసుములను బట్టి రాబోతాయని లెక్కగట్టిన బ్లాకులు. ఒక లావాదేవీ సంఖ్యను ఇస్తే అది ఏ రాబోయే బ్లాకులో ఉందో బాణం గుర్తు చూపుతుంది. బ్లాకును తెరిస్తే లోపల ప్రతి లావాదేవీ ఒక చదరం: వైశాల్యం పరిమాణానికి, రంగు రుసుము రేటుకు గుర్తు. ఇంకా మెచ్చుకోవలసింది దాని తనిఖీ. ఫలానా లావాదేవీలు ఈ బ్లాకులో ఉండాలని తన నోడ్ వేసిన అంచనాను, వచ్చిన అసలు బ్లాకుతో పోల్చి చూపిస్తుంది. మంచి రుసుము ఇచ్చిన లావాదేవీని ఏ మైనింగ్ సంస్థ అయినా పదే పదే పక్కన పెడుతుంటే అది ఎవరి కంటికైనా కనబడుతుంది. లెక్కల పట్టీ నిఘా సాధనమైంది.

2023లో ఈ బొమ్మల ముఖచిత్రమే మారిపోయింది. ఆ జనవరిలో వచ్చిన ఆర్డినల్స్ పద్ధతితో బిట్‌కాయిన్ లావాదేవీల్లో బొమ్మలు, రాతలు ఇరికించడం మొదలైంది. సంతకాల భాగంలో చేరే సమాచారానికి బరువు నాలుగో వంతే కనుక, ఫిబ్రవరి 1న ఒకే ఒక్క బొమ్మ దాదాపు 4 మెగాబైట్ల బ్లాకును నింపేసింది. చదరాల చిత్రంలో దాదాపు బ్లాకంతా ఒకే పెద్ద గడిగా కనిపించింది. మే నెలలో బీఆర్‌సీ-20 టోకెన్ల మోజులో దీనికి పూర్తి విరుద్ధమైన దృశ్యం: చీమల్లాంటి చిన్న గడులు లక్షల్లో పేరుకున్నాయి, కొన్ని బ్లాకుల్లో రుసుముల మొత్తం, బ్లాకు కట్టిన మైనరుకు అప్పట్లో దక్కే 6.25 బిట్‌కాయిన్ల బహుమతిని మించిపోయింది. 2024 ఏప్రిల్ 20న 8,40,000వ బ్లాకుతో బహుమతి 3.125కు తగ్గింది. రూన్స్ టోకెన్లూ అదే బ్లాకు నుంచి మొదలవడంతో దానిలో చేరిన రుసుములు 37 బిట్‌కాయిన్లు దాటాయి. ఆ బ్లాకు కోసం ఎదురుచూసినవాళ్లు రుసుము రంగులు తీవ్రతరం కావడాన్ని నిమిషం నిమిషం చూడగలిగారు.

పొరపాట్లూ ఇలాగే బయటపడతాయి. 2023 సెప్టెంబరులో ఒక అమెరికన్ కంపెనీ సుమారు 2,000 డాలర్ల బదిలీకి 19.8 బిట్‌కాయిన్ల రుసుము కట్టింది. అప్పటి ధరలో అది 5 లక్షల డాలర్ల పైమాటే. మెంపూల్ గమనించేవాళ్లు వెంటనే పసిగట్టారు, చర్చ రేగింది, మైనింగ్ సంస్థ ఆ డబ్బు తిరిగి ఇచ్చేసింది.

బంతులు, కార్లు, బస్సులు

ఉపయోగం కోసం కాకుండా అనుభూతి కోసం చేసిన చిత్రణలకూ ఈ చరిత్రలో గౌరవమైన చోటుంది. 2013లో మాక్సిమిలియన్ లామైస్టర్ తయారుచేసిన బిట్‌లిజన్‌లో ప్రతి లావాదేవీ ఒక బుడగగా పైకి తేలుతూ ఒక స్వరం పలుకుతుంది. మొత్తాన్ని బట్టి స్థాయి మారుతుంది. ఆ సైటును ఒక పక్కన తెరిచి పెట్టుకుని పని చేసుకుంటుంటే నెట్‌వర్కు రద్దీ చెవికి తెలుస్తుంది. హ్యాట్‌నోట్ బృందానికి చెందిన స్టీఫెన్ లాపోర్ట్, మహ్మూద్ హషేమి దీని స్ఫూర్తితోనే అదే ఏడాది ‘లిజన్ టు వికీపీడియా’ చేశారు. అందులో భాషల జాబితాలో తెలుగును ఎంచుకుంటే తెలుగు వికీపీడియాలో జరిగే మార్పులు గంటల మోతగా, తీగల మీటుగా వినిపిస్తాయి. క్రిప్టోతో ఏ సంబంధమూ లేని తెలుగు పాఠకుడికి ఈ రంగం నుంచి అందిన అందమైన కానుక ఇదే అంటాను.

బిట్‌బాంకర్స్‌లో లావాదేవీలు బంతులై పళ్లెం మీద పడి దొర్లుతాయి. బ్లాకు ఒక ఘనమై పైనుంచి వస్తుంది. మోనోనాట్ అనే మారుపేరుతో పనిచేసే ప్రోగ్రామరు చేసిన బిట్‌ఫీడ్‌లో చదరాలు పైనుంచి రాలి కల్లంలో ధాన్యంలా రాశి పడతాయి. బ్లాకు రాగానే వాటిలో కొన్ని ఒద్దికగా సర్దుకుని పైకి లేస్తాయి. రాలడం, పేరుకోవడం, ఎంపిక కావడం అనే మూడు దశలనూ ఒక్క మాట లేకుండా అంత బాగా చెప్పిన చిత్రం మరొకటి లేదని నా అభిప్రాయం.

2017లో వచ్చిన టీఎక్స్‌హైవే సంగతి వేరు. ఆ ఏడాది ఆగస్టు 1న బ్లాకు పరిమాణంపై గొడవలో బిట్‌కాయిన్ నుంచి బిట్‌కాయిన్ క్యాష్ చీలిపోయింది. ఒకటి చిన్న బ్లాకుల దారి పట్టింది, రెండోది 8 మెగాబైట్లతో మొదలైంది. టీఎక్స్‌హైవే రెండింటినీ పక్కపక్క రోడ్లుగా గీసి, లావాదేవీలను వాహనాలుగా పరుగెత్తించింది. ఒక రోడ్డు మీద ఇరుకు, ఇంకో రోడ్డు మీద హాయి. విశాలమైన రోడ్డు అంటే సామర్థ్యం ఎక్కువని ఒక పక్షం చదువుకుంది. వాడేవాళ్లు తక్కువని రెండో పక్షం చదువుకుంది. అంకెలు నిజమే అయినా రోడ్డు వెడల్పును ఎంచుకున్న క్షణంలోనే చిత్రకారుడు వాదనలో దిగాడు. దృశ్యీకరణలో తటస్థత ఎంత కష్టమో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

టీఎక్స్‌స్ట్రీట్ మరింత నేర్పుగా ఆలోచించింది. లావాదేవీ ఒక మనిషి, బ్లాకు ఒక బస్సు. రుసుము బాగా ఇచ్చినవాళ్లకు ముందు బస్సులో చోటు, తక్కువ ఇచ్చినవాళ్లు తర్వాతి బస్సుకో, ఆ తర్వాతి దానికో ఆగాలి. రుసుముల సంతను పదేళ్ల పిల్లలకు కూడా చెప్పగల బొమ్మ. ఒక్క చోట మాత్రం బస్సు పోలిక దెబ్బతింటుంది: బస్సుకు టైము ఉంటుంది, బిట్‌కాయిన్ బ్లాకుకు ఉండదు. 10 నిమిషాలు సగటు మాత్రమే. సంభావ్యత లెక్కన ప్రతి 100 బ్లాకుల్లో 9 దాకా నిమిషం లోపే వచ్చేస్తాయి. 400 బ్లాకుల్లో ఒకటి గంట దాటిస్తుంది. రోజుకు 144 బ్లాకులు కనుక మూడు రోజులకొకసారి గంట ఖాళీ మామూలే. 50 నిమిషాలు గడిచాయి కాబట్టి ఇప్పుడో ఇంకాసేపట్లోనో వచ్చి తీరుతుందనుకోవడం కూడా తప్పే. ఆ క్షణం నుంచి మళ్లీ సగటున 10 నిమిషాలు. తర్వాతి బ్లాకుకు ‘ఇంకా ఇన్ని నిమిషాలు’ అని గడియారం పెట్టే సైటు ఏదైనా సరే దాన్ని నమ్మవద్దు.

ఇదే కారణంతో కంప్యూటింగ్ శక్తిని, అంటే హ్యాష్‌రేటును, చూపే ముల్లు కూడా కొలత కాదు. మైనర్ల యంత్రాలకు ఎవరూ మీటరు బిగించలేదు. బ్లాకులు ఎంత వేగంగా వస్తున్నాయో చూసి వెనక్కి లెక్కగట్టిన అంచనా అది. గంట లెక్కలో అది విపరీతంగా ఊగుతుంది. వారం సగటులోనే నమ్మదగిన రూపం తేలుతుంది. 2021 వేసవిలో చైనా మైనింగ్‌పై విరుచుకుపడినప్పుడు ఆ వారం సగటు దాదాపు సగానికి పడింది. జూలై 3న కఠినత సుమారు 28 శాతం తగ్గింది. బిట్‌కాయిన్ చరిత్రలో అంత పెద్ద తగ్గుదల ఇంకోటి లేదు.

ఈథీరియం, తదితరాలు

2015 జూలై 30న మొదలైన ఈథీరియంకు తొలినాళ్ల నుంచే ఈథ్‌స్టాట్స్ అనే నల్లని తెర ఉండేది. స్వచ్ఛందంగా సమాచారం పంపే నోడ్ల పేర్లు, చివరి బ్లాకు, ఆలస్యం అన్నీ వరుసల్లో మెరిసేవి. 2017 డిసెంబరులో క్రిప్టోకిట్టీస్ అనే పిల్లుల ఆట నెట్‌వర్కును స్తంభింపజేసినప్పుడు వేచి ఉన్న లావాదేవీల పట్టీ చూసి జనం నివ్వెరపోయారు. 2021 ఆగస్టు 5న లండన్ మార్పుతో మూల రుసుమును కాల్చివేయడం, అంటే చెలామణి నుంచి శాశ్వతంగా తీసేయడం, మొదలయ్యాక, అల్ట్రాసౌండ్ మనీ అనే సైటు ఆ దహనాన్ని క్షణక్షణం లెక్కగట్టి చూపింది.

2022 సెప్టెంబరు 15న మైనింగ్‌ను వదిలేసి, నాణేలను పూచీగా పెట్టి బ్లాకులు కట్టే వాలిడేటర్ల పద్ధతికి మారడంతో ఈథీరియం చిత్రానికి క్రమం వచ్చింది. ఇప్పుడు ప్రతి 12 సెకన్లకు ఒక స్లాటు, 32 స్లాట్లకు ఒక ఎపోక్. బీకన్‌చెయిన్ సైట్లలో ఇది గడుల పట్టికలా కనిపిస్తుంది. వాలిడేటరు బ్లాకు ఇవ్వలేకపోతే ఆ గడి ఖాళీగా ఉండిపోతుంది. అయితే చిత్రం చక్కబడుతున్నకొద్దీ అసలు వ్యవహారం దాని వెలుపలికి జరిగింది. 2024 మార్చి 13 నాటి డెన్‌కన్ మార్పు తర్వాత చిన్న లావాదేవీలు చాలావరకు రోలప్‌లనే రెండో అంతస్తు నెట్‌వర్కుల్లోకి వెళ్లాయి; ప్రధాన గొలుసులో వాటి మూటలు మాత్రమే కనిపిస్తాయి. బిట్‌కాయిన్‌లో లైట్నింగ్ అనే రెండో అంతస్తు నెట్‌వర్కు చెల్లింపులదీ ఇదే తీరు. చానెల్ తెరవడం, మూయడం తప్ప మధ్యలో జరిగిన వేల చెల్లింపులు ఏ తెర మీదా కనబడవు. ఈథీరియంలో ఫ్లాష్‌బాట్స్ వంటి ప్రైవేటు దారుల్లో నేరుగా బ్లాకు కట్టేవాళ్లకు చేరే లావాదేవీలు మెంపూల్‌లో అడుగే పెట్టవు.

సొలానాలో స్లాటు 400 మిల్లీసెకన్లే. సెకనుకు వేల లావాదేవీలంటే ఒక్కోదాన్ని చుక్కగా గీయడం వృథా; కన్ను పట్టుకోలేదు. కలిపి చూపాలి లేదా కొన్నింటిని ఎంచి చూపాలి. పైగా ఆ వేలల్లో పెద్ద భాగం వాలిడేటర్లు బ్లాకులకు వేసుకునే ఓట్లు. మనుషుల చెల్లింపులు కావు. ఓట్లను విడిగా చూపించని పట్టీని పోలికలకు వాడకూడదు. మొనెరోలో ఇంకో రకం సవాలు. 2017 నుంచి అందులో మొత్తాలు గుప్తం. బుడగను విలువతో గీసే పద్ధతి అక్కడ అసాధ్యం కనుక పరిమాణం, రుసుము మాత్రమే గీస్తారు.

పటం మీద చుక్కలు

భూగోళం మీద మెరిసే చుక్కలకు ఉన్న ఆకర్షణ మరే చిత్రానికీ లేదు, అన్నింటికన్నా తక్కువ నమ్మదగిందీ అదే. తొలినాళ్ల ‘ప్రత్యక్ష భూగోళాలు’ లావాదేవీని మొదట తమకు అందించిన నోడ్ ఐపీ చిరునామాను బట్టి చుక్క పెట్టేవి. ఆ నోడ్ కబురు మోసిందే తప్ప డబ్బు పంపిందని కాదు. హైదరాబాదు నుంచి బయల్దేరిన లావాదేవీ ఫ్రాంక్‌ఫర్ట్‌లో మెరవడం వింతేమీ కాదు. ఆడీ యో తయారుచేసిన బిట్‌నోడ్స్ ఇంతకంటే జాగ్రత్తగా పనిచేస్తుంది. తెలిసిన నోడ్లను ‘మీకు తెలిసిన నోడ్లేవి?’ అని అడుగుతూ, వచ్చిన జవాబులతో మళ్లీ అడుగుతూ, బయటినుంచి అందుబాటులో ఉన్న నోడ్ల జాబితా కడుతుంది. ఇంటి రౌటర్ల వెనక దాగి, బయటి పిలుపులకు పలకని నోడ్లు అందులో లేవు. అందుబాటులో ఉన్నవాటిలోనూ సగానికి పైగా, స్థానాన్ని దాచే టోర్ ద్వారా నడుస్తున్నాయి కనుక వాటి ఊరు ఎవరికీ తెలియదు. ‘ఫలానా దేశంలో ఇన్ని నోడ్లు’ అనే పటాన్ని చూసినప్పుడు ఎంత భాగం పటం ఎక్కలేదో ముందు చూడాలి.

పరిశోధన, దర్యాప్తు

లండన్‌లోని ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు 2016లో ప్రచురించిన పని ఈ రంగంలో చిరస్మరణీయం. డాన్ మెక్‌గిన్, విలియం నాటన్‌బెల్ట్ తదితరులు అక్కడి డేటా అబ్జర్వేటరీలో, 64 తెరలు 313 డిగ్రీల వలయంగా చుట్టుముట్టిన గదిలో, బ్లాకుల్లోని లావాదేవీలన్నింటినీ ఇన్‌పుట్లు అవుట్‌పుట్ల లంకెలతో సహా ఒకేసారి పరిచి చూశారు. మామూలు చెల్లింపులు చిన్న చిన్న గుంపులుగా విడివిడిగా తేలాయి. వాటి మధ్య పొడవాటి పురుగుల్లాంటి గొలుసులు, విసనకర్రల్లాంటి ఆకారాలు బయటపడ్డాయి. యంత్రాలు డబ్బును పదే పదే తిప్పిన జాడలవి. నెట్‌వర్కును ముంచెత్తడానికి చేసిన చెత్త లావాదేవీల దాడులకూ తమదైన ఆకారముంది. పట్టికలో వెతికినా దొరకని సంగతి గోడంత చిత్రంలో మనిషి కంటికి ఇట్టే చిక్కింది.

డబ్బు జాడ తీసే చిత్రాలకు పునాదుల్లో ఒకదాన్ని 2013లో సారా మైకల్‌జాన్ బృందం పెద్ద ఎత్తున వాడి చూపింది: ఒకే లావాదేవీలో కలిసి ఖర్చయిన చిరునామాలన్నీ ఒకరివేనన్న ఊహతో వాటిని గుంపుగట్టడం. రోమా త్రే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన బిట్‌కోన్‌వ్యూ, ఆస్ట్రియా పరిశోధకుల గ్రాఫ్‌సెన్స్ వంటి సాధనాలు ఆ ప్రవాహాలను చూడటానికి, వెతకడానికి పుట్టాయి. 2024 జూలై 18న భారతీయ ఎక్స్ఛేంజీ వజీర్ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా, అంటే దాదాపు 2,000 కోట్ల రూపాయల ఆస్తులు దొంగలపాలైనప్పుడు, ఆ టోకెన్లు ఒక్కో చిరునామాకు చేరడాన్ని స్వతంత్ర పరిశీలకులు వెంటవెంటనే చూపుతూ వచ్చారు. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ (ఈథీరియం నాణేలు) పోయినప్పుడూ అంతే. దొంగతనాన్ని ప్రపంచమంతా చూసింది, ఆపడం మాత్రం ఎవరి చేతిలోనూ లేకపోయింది. వజీర్ఎక్స్‌లో డబ్బు చిక్కుకున్న మన చిన్న మదుపరులకు ఆ బాణాల చిత్రం ఓదార్పు ఇవ్వలేదు. కానీ డబ్బు ఎటు పోయిందన్న ప్రశ్నకు ఎవరి ప్రకటన కోసమూ ఎదురుచూడకుండా జవాబు దొరికింది. అది చిన్న విషయం కాదు.

ఈ చిత్రాల్లో ఒక ప్రమాదమూ ఉంది. చిరునామా మీద వేసిన ‘ఎక్స్ఛేంజీ’, ‘దొంగ’, ‘జూదం’ వంటి ముద్రలు గొలుసులో రాసి ఉన్నవి కావు, విశ్లేషకుల అంచనాలు. తప్పు ముద్ర పడితే నిర్దోషి ఖాతా స్తంభించిపోతుంది. నమ్మకం ఎంతో చెప్పే గుర్తు లేకుండా గట్టి రంగుల్లో బాణాలు గీయడం అన్యాయం. రంగుల ప్రస్తావన వచ్చింది కనుక ఇంకో మాట: చాలా రుసుము పట్టీలు ఆకుపచ్చ నుంచి ఎరుపుకు సాగుతాయి. ఆ రెండింటి తేడా కనిపించని వర్ణాంధత మగవారిలో తక్కువేమీ కాదు. నీలం నుంచి పసుపుకు మారే శ్రేణి అందరికీ పనికొస్తుంది. అయినా పట్టించుకునే సైట్లు తక్కువ.

పాఠకులకు ఆచరణలో ఒక సూచన. బిట్‌కాయిన్ పంపే ముందు రుసుము అంచెల పట్టీ ఒకసారి చూడండి. తొందర లేకపోతే వారాంతం దాకా ఆగితే తరచుగా తక్కువ ఖర్చుతో పని అవుతుంది. ‘చూడండి, సెకనుకు ఎంత డబ్బు కదులుతోందో’ అంటూ మెరిసే తెరను చూపించి పెట్టుబడి అడిగేవారికి మాత్రం దూరంగా ఉండండి. బుడగల సంఖ్య దేని విలువకూ హామీ కాదు. ఇతరుల తెరను నమ్మలేకపోతే సొంత నోడ్ పెట్టుకోవచ్చు. మొదటిసారి 600 జీబీకి పైగా సమాచారం దించుకోవాలి. కానీ బిట్‌కాయిన్ కోర్‌లో ప్రూనింగ్ ఎంచుకుంటే పాత బ్లాకులను పరీక్షించి తీసేస్తుంది. బ్లాకుల కోసం ఉంచవలసిన చోటు 550 మెగాబైట్లకు తగ్గించుకోవచ్చు.